పాత ఎయిర్‌కూల్డ్ కారు కార్బరేటర్‌కు ఎయిర్ ఫిల్టర్ ఎంచుకోవడం ఎలా: విశాఖ గాలికి తగిన పద్ధతి

పాత ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ ఇంజన్‌కు ఆయిల్ ఫిల్టర్ ఉండదు. అడుగున ఒక తీగ జల్లెడ, దాని గుండా తిరిగే రెండున్నర లీటర్ల ఇంజన్ ఆయిల్, అంతే. ఆ జల్లెడ పెద్ద నలుసులను ఆపుతుంది గానీ కంటికి ఆనని సన్నటి ధూళిని ఆపలేదు. కార్బరేటర్ గుండా లోపలికి వెళ్లిన దుమ్ములో కొంత సైలెన్సర్ గుండా బయటికి పోయినా, మిగిలినది సిలిండర్ గోడల మీది ఆయిల్‌లో కలిసి, అక్కడి నుంచి బేరింగుల దాకా చేరి, మీరు మళ్లీ ఆయిల్ మార్చేవరకు లోపలే తిరుగుతూ ఉంటుంది. అందుచేత ఇటువంటి ఇంజన్‌కు ఎయిర్ ఫిల్టర్ ఎంచుకునేటప్పుడు అది ఎంత గాలిని వదులుతుందన్న ప్రశ్న కంటే ఎంత దుమ్మును ఆపుతుందన్న ప్రశ్నే ముందు రావాలి. తరువాత ఆయిలంతా తన గుండానే పోయే ఫుల్‌ఫ్లో ఆయిల్ ఫిల్టర్ బిగించుకున్న వారికి కూడా ఈ వరుస మారదు, ఎందుకంటే పిస్టన్ రింగులను దుమ్ము ముందుగా తాకేది పైనుంచే.

విశాఖపట్నంలో ఈ విషయం మరింత పట్టించుకోవలసినది. పాత నగరం వైపు బాల్కనీ గట్టు మీద వేలు పెట్టి గీస్తే నల్లగా అంటేది బొగ్గు, ఇనుప ఖనిజాల పొడి. భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బల దగ్గర గాలి వీచినప్పుడు లేచేది ముఖ్యంగా క్వార్ట్జ్ ఇసుక. ఇది మన సిలిండర్ల పోత ఇనుము కంటే గట్టిది. కొత్త ఇంజన్‌లో పిస్టన్‌కూ సిలిండర్‌కూ మధ్య ఉండే సందు 0.04 నుంచి 0.06 మిల్లీమీటర్లు మాత్రమే కాబట్టి, అందులో దూరగలిగేంత సన్నటి రేణువే అసలైన హాని చేస్తుంది. వీటికి తోడు సముద్రపు ఉప్పుగాలి, ఏడాదిలో ఎక్కువ భాగం ఉండే తేమ, తుపాను రోజుల్లో అడ్డంగా కొట్టే వాన. చలి దేశాల వారు రాసిన సలహాలను యథాతథంగా పాటిస్తే ఇవేవీ లెక్కలోకి రావు.

మొదట కొలతలు

ఏ ఫిల్టరు కొనాలన్నా ముందు మీ కారులో ఉన్న కార్బరేటర్ ఏదో ఖచ్చితంగా తెలుసుకోండి. కారు తయారైన సంవత్సరాన్ని బట్టి ఊహించవద్దు. అరవై డెబ్బై ఏళ్లలో ఎన్నో చేతులు మారిన కార్లలో మొదటి కార్బరేటరే మిగిలి ఉండడం అరుదు. కార్బరేటర్ ఒంటి మీద పోతలోనే పేరు ఉంటుంది: సోలెక్స్ 28 పిక్ట్, 30 పిక్ట్, 34 పిక్ట్ అనేవి మధ్యలో ఒకటే ఉండే రకాలు, వెబర్ 40 ఐడీఎఫ్, డెలోర్టో 40 డీఆర్‌ఎల్‌ఏ వంటివి ఇరువైపులా ఒక్కొక్కటి చొప్పున జంటగా అమర్చేవి. పేరు చదివాక, సింగిల్ కార్బరేటర్ అయితే ఫిల్టర్ కూర్చునే గొంతు బయటి వ్యాసాన్ని వెర్నియర్ కాలిపర్‌తో రెండు దిక్కులా కొలవండి. క్లాంపును ఏళ్ల తరబడి మితిమీరి బిగించిన గొంతులు గుండ్రదనం కోల్పోయి ఉంటాయి. రెండు కొలతలకూ అర మిల్లీమీటరు తేడా కనిపిస్తే ఏ ఫిల్టర్ కొన్నా అక్కడ గాలి లీకవుతుందని ముందే అనుకోవాలి.

తరువాత ఇంజన్‌కు కావలసిన గాలిని లెక్క వేయండి. 1600 అని పిలిచే ఇంజన్ అసలు ఘనపరిమాణం 1584 సీసీ. నాలుగు స్ట్రోకుల ఇంజన్ రెండు చుట్లకు ఒకసారి తన ఘనపరిమాణమంత గాలి పీల్చాలి కాబట్టి, 4000 ఆర్‌పీఎం దగ్గర లెక్క ప్రకారం నిమిషానికి 3168 లీటర్లు కావాలి. నిజానికి సిలిండర్లు పూర్తిగా నిండవు గనుక సుమారు 2500 లీటర్లు అనుకోవచ్చు. ఈ గాలిని సునాయాసంగా వదలడానికి ఫిల్టర్ వైశాల్యం ఎంత ఉండాలో చెప్పే ఒక మోటు సూత్రం వాడుకలో ఉంది. సీసీని గరిష్ఠ ఆర్‌పీఎంతో గుణించి 65,000తో భాగిస్తే, మడతలు పెట్టిన కాటన్ ఫిల్టర్‌కు కనీసం ఉండవలసిన పై చుట్టు వైశాల్యం చదరపు సెంటీమీటర్లలో వస్తుంది. 1584 సీసీ ఇంజన్‌ను 4500 దాకా తిప్పుతారనుకుంటే దాదాపు 110 చదరపు సెంటీమీటర్లు.

ఇది శుభ్రమైన ఫిల్టర్‌కు కనీస లెక్క అన్నది మరువవద్దు. మన ఊళ్లో నేను దీనికి రెట్టింపు కంటే తక్కువ ఎన్నడూ సిఫారసు చేయను. వైశాల్యం పెద్దదైతే ప్రతి చదరపు సెంటీమీటరు గుండా వెళ్లే గాలి వేగం తగ్గుతుంది, ఫిల్టర్ నిండడానికి పట్టే కాలం పెరుగుతుంది, సగం మాసిన తరువాత కూడా ఇంజన్‌కు ఊపిరి ఆడుతుంది. గుండ్రటి ఫిల్టర్ వైశాల్యాన్ని వ్యాసం, ఎత్తు, 3.14 ఈ మూడింటినీ గుణించి తెలుసుకోవచ్చు. 14 సెంటీమీటర్ల వ్యాసం, 5 సెంటీమీటర్ల ఎత్తు ఉన్నది 220 దాకా ఇస్తుంది. అయితే పైనా కిందా రబ్బరు అంచులకు పోయే సుమారు 2 సెంటీమీటర్లను ఎత్తులోంచి ముందే తీసివేయాలి, అంటే మొత్తం 7 సెంటీమీటర్ల ఎత్తున్న ఫిల్టర్ కావాలన్నమాట. కాగితం ఫిల్టర్ అయితే ఇంకా పెద్దది తీసుకోవాలి. జంట కార్బరేటర్లకు ఒక్కొక్క వైపు సగం చాలునని లెక్క చెప్పినా, ఒక్కొక్క గొంతు ఒక్క సిలిండర్ కోసమే ఆగి ఆగి బలంగా పీలుస్తుంది గనుక సగంతో సరిపెట్టవద్దు. ఒక్కొక్క వైపు 150 చదరపు సెంటీమీటర్లకు తగ్గకుండా చూసుకోండి.

ఇంజన్ మీది వెనక మూత కింద చోటు కొలవడానికి టేపు పనికిరాదు, ఎందుకంటే మూత వంపు తిరిగి ఉంటుంది. పిల్లలు ఆడుకునే రంగు మట్టి ముద్దను సుమారు 5 సెంటీమీటర్ల ఎత్తున ఉండగా చేసి, పాత ఫిల్టర్ పైన మధ్యలో ఒకటి, అంచుల్లో మూడు నాలుగు అంటించండి. వాటి మీద పలుచటి ప్లాస్టిక్ కాగితం పరిచి మూతను నెమ్మదిగా మూసి, గడియ పడనిచ్చి, మళ్లీ తెరవండి. మూత తగిలిన ప్రతి ముద్దా అణిగి ఉంటుంది; వాటిని కత్తితో నిలువుగా కోసి మందం చూస్తే ఎక్కడ ఎంత చోటు ఉందో తెలిసిపోతుంది. గేరు వేసి క్లచ్ వదిలినప్పుడు ఇంజన్ తన మౌంట్ల మీద కదులుతుంది కనుక, కొత్త ఫిల్టర్ పైన కనీసం 2 సెంటీమీటర్ల ఖాళీ మిగలాలి.

ఏ రకం తీసుకోవాలి

సింగిల్ కార్బరేటర్ ఉన్న కారులో పాత ఆయిల్ బాత్ ఫిల్టర్ ఇంకా మంచి స్థితిలో ఉంటే దానిని తీసి పారేయవద్దని గట్టిగా చెబుతాను. ఫోక్స్‌వ్యాగన్ 1970ల తొలి ఏళ్ల దాకా బీటిళ్లకు దీనినే అమర్చింది. లోపలికి వచ్చిన గాలి తొట్టిలోని ఆయిల్ ఉపరితలం దగ్గర ఒక్కసారిగా వెనక్కి మళ్లుతుంది. గాలి మళ్లినంత తేలికగా బరువైన రేణువు మళ్లలేదు గనుక ఆయిల్‌లో పడిపోతుంది. మిగిలినదానిని పైనున్న ఆయిల్ తడి పీచు పట్టుకుంటుంది. ఇది వానకు చెడదు, ఇంజన్ లోపలి ఆవిరిని బయటికి వదిలే బ్రీథర్ నుంచి వచ్చే ఆయిల్ ఆవిరికి మూసుకుపోదు, కొత్త ఎలిమెంట్ (డబ్బా లోపల మార్చే వడపోత భాగం) కోసం విదేశాలకు ఆర్డరు పెట్టవలసిన పని ఉండదు. దీనికి ఉన్న లోటు ఒకటే: గాలి వేగం తక్కువైన ఐడ్లింగ్‌లో, నెమ్మదైన ట్రాఫిక్‌లో, అతి సన్నటి ధూళిని కాగితం పట్టుకున్నంతగా పట్టుకోలేదు. రోజూ గాజువాక వైపు ట్రాఫిక్‌లో లారీల వెనక నిలబడే కారుకు ఇది చెప్పుకోదగ్గ లోటే. ఆదివారం పొద్దున్న బీచ్ రోడ్డు మీద తిరిగే కారుకు కాదు.

దుమ్మును ఆపే విషయంలో మంచి కాగితం ఎలిమెంట్‌కు సాటి లేదు. రోజూ వాడే కారుకు నా ఓటు దీనికే. అయితే కాగితానికి రెండు శత్రువులున్నాయి, తడి ఒకటి, ఆయిల్ ఒకటి. వెనక మూతకు గాలి చీలికలు ఉన్న కార్లలో వాన నీరు నేరుగా ఫిల్టర్ మీద పడకుండా లోపల పళ్లెం ఉండాలి. అది పోయి ఉంటే ముందు దానిని సమకూర్చుకుని తరువాత కాగితం ఫిల్టర్ గురించి ఆలోచించండి. ఇంకొక సంగతి, ఫిల్టర్ డబ్బాను ఎంచుకునే ముందు అందులో పట్టే ఎలిమెంట్ కొలతలు రాసుకుని, ఆ కొలతల ఎలిమెంట్ ఏ దేశీయ కారుకైనా వస్తుందేమో ఆటోనగర్ దుకాణాల్లో అడిగి చూడండి. డబ్బా ఎంత అందంగా ఉన్నా, ఎలిమెంట్ దొరకని నాడు దానిని మాసినదానితోనే నడుపుతాం. కొనేటప్పుడు ఎలిమెంట్ లోపల సెల్‌ఫోన్ టార్చి పెట్టి చీకటి మూలలో చుట్టూ తిప్పి చూస్తే మడతల మధ్య సూది మొనంత రంధ్రం ఉన్నా చుక్కలా మెరుస్తుంది. అంచు రబ్బరును బొటనవేలితో నొక్కి వదిలితే గుంట నిలవకుండా పైకి లేవాలి.

ఆయిల్ పూసిన కాటన్ ఫిల్టర్లు జంట కార్బరేటర్లకు ఎక్కువగా వస్తాయి, వాటితో పని నడుస్తుంది. కొత్త కార్లలో ఈ ఆయిల్ సెన్సార్లకు అంటుతుందన్న భయం కార్బరేటర్ ఇంజన్‌కు వర్తించదు. కాని వాటి పనితనమంతా ఆ ఆయిల్‌లోనే ఉందని గుర్తుంచుకోండి. కడిగి, ఆరబెట్టి, సరిగా ఆయిల్ పట్టించని కాటన్ ఫిల్టర్ ఉత్త గుడ్డతో సమానం. తనే కడుక్కునే ఓపిక ఉన్నవారు మాత్రమే దీనిని తీసుకోవాలి.

స్పాంజి ఫిల్టర్‌ను విశాఖకు వద్దంటాను. మన వేడికీ తేమకూ ఆ పాలియురేథేన్ స్పాంజి కొంతకాలానికి మెత్తబడి, వేళ్ల మధ్య నలిపితే పొడిగా రాలుతుంది. రాలిన పొడి పోయేది కార్బరేటర్ లోపలికే, ఇరుక్కునేది పెట్రోలును కొలిచి వదిలే సన్నటి రంధ్రాల జెట్లలోనే. పైగా కార్బరేటర్ వెనక్కి మంట కక్కినప్పుడు పెట్రోలు పీల్చుకున్న స్పాంజి అంటుకునే ప్రమాదం ఉంది. మెరిసే క్రోమియం మూతతో, లోపల ఉత్త తీగ వల మాత్రమే ఉండే చవకరకం ఫిల్టర్లను, ట్రంపెట్ల (కార్బరేటర్ నోటికి బిగించే బాకా ఆకారపు గొట్టాల) మీద తొడిగే జాలీలను అసలు ఫిల్టర్లుగానే పరిగణించవద్దు. అవి రాళ్లను ఆపుతాయి, దుమ్మును కాదు. 50 హార్స్‌పవర్ ఇంజన్‌కు గాలి మరింత ధారాళంగా అందించి సంపాదించే బలం నడిపేవారికి తెలియనంత తక్కువ. దానికి బదులుగా అరిగే సిలిండర్లు, రింగులు మాత్రం పొగ రూపంలో తప్పకుండా తెలుస్తాయి.

డబ్బా లోహం కూడా చూడాలి. ఫిల్టర్ దాటిన తరువాతి భాగంలో తుప్పు పట్టితే ఆ తుప్పు పెచ్చులను ఆపేవారు ఎవరూ ఉండరు. ఉప్పుగాలికి పలుచటి క్రోమియం పూత లోపలి అంచుల్లో ముందుగా లేస్తుంది. అల్యూమినియం గానీ స్టెయిన్‌లెస్ స్టీలు గానీ తీసుకోండి, పాత ఇనుప డబ్బా అయితే లోపల కూడా గీకి, పెట్రోలుకు చెదరని రంగు వేయించండి.

బిగించే ముందు, బిగించేటప్పుడు

జంట కార్బరేటర్ల అడుగు పళ్లేన్ని, దాని గ్యాస్కెట్‌ను కార్బరేటర్ నెత్తి మీద ఉత్తగా పెట్టి రంధ్రాలు కలుస్తున్నాయో లేదో చూడండి. ఐడీఎఫ్ వంటి కార్బరేటర్లలో పెట్రోలు నిలవ ఉండే ఫ్లోట్ చాంబర్‌కూ జెట్లకూ గాలి అందించే చిన్న రంధ్రాలు పైనే ఉంటాయి. గ్యాస్కెట్ వాటిని మూస్తే ఇంజన్ సరిగా నడవదు, మెకానిక్ జెట్లు మార్చి మార్చి అలసిపోతాడు. ఆ రంధ్రాలన్నీ ఫిల్టర్ లోపలి వైపునే తెరుచుకోవాలి, బయటికి కాదు. ట్రంపెట్ నోటికీ ఫిల్టర్ పైమూతకూ మధ్య కనీసం ఆ నోటి వ్యాసమంత ఎడం ఉండేలా చూడండి. అంతకంటే దగ్గరైతే గాలి మూతకు కొట్టుకుని, వెనక్కి ఎగసే పెట్రోలు ఆవిరి మూతను తడుపుతుంది.

ఫిల్టర్ లోపల ఉండే ప్రతి నట్టూ ఊడి పడితే ఎక్కడికి పోతుందో ఆలోచించి బిగించండి. అది నేరుగా సిలిండర్‌లోకి పోతుంది. నైలాన్ పట్టీ ఉన్న లాక్ నట్లు వాడాలి, లేదా మరకు థ్రెడ్‌లాక్ జిగురు పెట్టాలి.

ఆయిల్ పోసే గొంతు నుంచి పాత ఫిల్టర్‌కు వచ్చే బ్రీథర్ హోస్ సంగతి చాలామంది వదిలేస్తారు. కొత్త ఫిల్టర్‌కు దానిని తగిలించే ముక్కు లేకపోతే, హోస్‌ను తీసి గొంతును అలాగే తెరిచి ఉంచడం కద్దు. అంత శ్రమపడి పై దారిన దుమ్మును ఆపి, పక్క దారిన నేరుగా ఆయిల్‌లోకి రానివ్వడమే ఇది. ముక్కు ఉన్న డబ్బానే కొనండి, లేదా బ్రీథర్‌కు విడిగా ఫిల్టర్ ఉన్న చిన్న డబ్బా పెట్టించండి. కాగితం ఎలిమెంట్ వాడేవారికి ఈ రెండవ పద్ధతే మేలు, ఆయిల్ ఆవిరి కాగితానికి అంటదు.

బీటిల్‌లో కార్బరేటర్ పీల్చే గాలీ, చల్లబరిచే ఫ్యాన్ పీల్చే గాలీ ఒకే గదిలోనివి. ఇంజన్ చుట్టూ రేకులకూ బాడీకీ మధ్య ఉండే రబ్బరు సీలు ఎండి పగిలి ఉంటే, కిందనున్న సైలెన్సర్ వేడి, వెనక చక్రాలు లేపే దుమ్ము రెండూ ఆ సందులోంచి పైకి వస్తాయి. ఎంత ఖరీదైన ఫిల్టర్ పెట్టినా ఈ సీలు బాగు చేయనిదే సగం ఫలితమే. నన్నడిగితే ఫిల్టర్ కంటే ముందు డబ్బు పెట్టవలసినది దీని మీదే.

వేడిగాలి గొట్టం ఉన్న ఫిల్టర్లలో లోపలి రెక్క విశాఖ ఎండలో చల్లగాలి వైపే తెరిచి ఉండాలి. అది తుప్పు పట్టి వేడి వైపు ఇరుక్కుంటే ఇంజన్ ఏడాది పొడవునా పలుచటి వేడిగాలినే పీలుస్తుంది. అలాగని గొట్టాన్ని కోసి పారేయవద్దు. శీతాకాలం తెల్లవారుజామున మంచులో లంబసింగి గానీ అరకు గానీ వెళ్లేవారికి, తేమగాలి కార్బరేటర్ గొంతులో మంచుగా పేరుకోకుండా కాపాడేది అదే.

గొంతు గుండ్రదనం పోయిందనుకున్నవారు ఆటోనగర్‌లో లేత్ పనివారి చేత పలుచటి అల్యూమినియం రింగు తీయించి తొడగవచ్చు. క్లాంపును రబ్బరు పిండిపోయేలా కాక, చేత్తో తిప్పితే ఫిల్టర్ కదలనంత మాత్రమే బిగించాలి.

బిగించిన తరువాత పరీక్ష

ఈ పరీక్ష తప్పనిసరి. ఫిల్టర్ లోపలి వైపు, కార్బరేటర్ గొంతు అంచుకు కాస్త పైన, డబ్బా గోడకు తెల్ల గ్రీజును చుట్టూ వేలితో పలుచగా పూయండి. సుమారు 300 కిలోమీటర్లు తిరిగాక విప్పి, టార్చి వేసి ఆ గ్రీజును చూసి, చూపుడు వేలి మీదికి తీసుకుని బొటనవేలితో రుద్దండి. తెల్లగా, జారుడుగా ఉంటే ఫిల్టర్ పని చేస్తోంది. వేళ్ల మధ్య గరగరలాడితే ఇసుక లోపలికి వస్తున్నట్టు. చుట్టంతా కాక ఒక్క చోటే నల్లచార కనబడితే ఎలిమెంట్ మంచిదే, అక్కడ సీలు కూర్చోలేదన్నమాట. అంచును సరిచేసి మళ్లీ పరీక్షించండి.

తరువాత స్పార్క్ ప్లగ్గులు విప్పి రంగు చూడండి. కొత్త ఫిల్టర్ గాలిని ఎక్కువగా వదిలితే గాలి, పెట్రోలు మిశ్రమంలో పెట్రోలు పాలు తగ్గి అది పలుచబడవచ్చు. ఇప్పుడు బంకుల్లో దొరికే 20 శాతం ఇథనాల్ పెట్రోలు కూడా అటువైపే నెడుతుంది. గాలితో చల్లబడే ఇంజన్‌కు పలుచటి మిశ్రమం అంటే హెడ్డు వేడెక్కడం. ప్లగ్గు కొన దగ్గరి పింగాణీ లేత గోధుమ రంగులో ఉంటే సరే, తెల్లగా పాలిపోయి ఉంటే మెయిన్ జెట్‌ను ఒక్క సైజు, ఉదాహరణకు 127.5 నుంచి 130కి, పెంచి చూడాలి. ఈ పరీక్షను ఊళ్లోనే, సముద్ర మట్టం దగ్గరే చేయండి. అనంతగిరి ఘాట్ ఎక్కి అరకు చేరేసరికి 900 మీటర్లకు పైన గాలి పలుచబడి మిశ్రమం దానంతటదే చిక్కబడుతుంది. అక్కడ నల్లబడిన ప్లగ్గును చూసి ఫిల్టర్ మూసుకుపోయిందని తీర్మానించడం తప్పు.

శుభ్రం చేసే వేళలు

కాగితం ఎలిమెంట్‌కు పంక్చర్ షాపుల్లో గన్నుతో ఎయిర్ కొట్టించవద్దు. ఆ ఒత్తిడికి కాగితం కంటికి కనబడకుండా చిరుగుతుంది. తిరగేసి అరచేతి మీద మెల్లగా తట్టండి, దుమ్ము రాలడం ఆగిపోయి కాగితం బూడిదరంగులోనే ఉంటే మార్చండి. ఒకసారి వానకు తడిసి ఆరిన ఎలిమెంట్‌నూ మార్చవలసిందే. ఆయిల్ బాత్ అయితే వేసవి గాలుల కాలంలో నెలకొకసారి తెరిచి, పుల్లతో అడుగు తాకి బురద మందం చూడండి. ఆయిల్ చిక్కబడినా, అడుగున అర సెంటీమీటరు పేరుకున్నా, కిరోసిన్‌తో కడిగి, ఆరనిచ్చి, ఇంజన్‌లో పోసే ఆయిల్‌నే గుర్తు గీత దాకా పోయండి. గీత దాటితే ఆ ఆయిల్ కార్బరేటర్‌లోకి పోయి నీలిపొగ వస్తుంది. డబ్బాను తీసేటప్పుడు, మోసేటప్పుడు ఒరగకుండా పట్టుకోవాలి.

జంట ఫిల్టర్లను ఎప్పుడూ రెండింటినీ ఒకే రోజు శుభ్రం చేయండి, ఒకే రోజు మార్చండి. ఒకటి శుభ్రంగా, ఒకటి మాసి ఉంటే కుడివైపు ఒకటి, రెండు సిలిండర్లకు ఒక మిశ్రమం, ఎడమవైపు మూడు, నాలుగు సిలిండర్లకు ఇంకొక మిశ్రమం అందుతుంది. పాత ఇంజన్లలో ఆయిల్ కూలర్ అడ్డు వల్ల మూడవ సిలిండర్ ముందే వేడిగా నడుస్తుంది కనుక, ఎడమవైపు మిశ్రమం పలుచబడితే మొదట దెబ్బతినేది అదే.